రేవు

నడిసంద్రంలో రేవుండదంటారు.
ఉంది.
మూడో డెక్కు మీద, జనరేటర్లకి గోడవతల,
కిటికీ లేని గదిలో నాలుగు యంత్రాలు, నేను.

పేరు ఓస్లా. ఊరు లెర్విక్.
మూడు వారాలు అక్కడ, మూడు వారాలు ఇక్కడ.
రెండు చోట్లా గాలి ఒకటే,
ఇక్కడ మాత్రం అది ఇనుము మీద పళ్లు నూరుతుంది.

ఆరింటికి షిఫ్టు మారుతుంది.
మెట్ల దగ్గర బూట్లు విప్పి సగం మంది నిద్రకి,
బూట్లు బిగించి సగం మంది డ్రిల్ ఫ్లోర్‌కి.
ఒక్క గది ఇద్దరికి. ఒకడు లేస్తేనే ఇంకొకడు పడుకునేది.
ఏడాదిగా గది పంచుకుంటున్నవాళ్లు
ఒకరి గురక ఒకరు వినలేదు.
నాకు ఇద్దరూ తెలుసు:
ఒకడి దిండు గలీబు పిప్పరమెంటు వాసన,
ఇంకొకడిది ఎప్పుడూ గోడవైపే నలిగుంటుంది.

మనుషులు నాకు నంబర్లుగా వస్తారు.
వల సంచి, దాని మెడలో ఇత్తడి బిళ్ల.
పన్నెండు, క్రేన్ మనిషి. మోకాళ్లు మాయవు, కూర్చునే చోటే మాస్తుంది.
ముప్పయ్యొకటి, కొత్త కుర్రాడు. బురద ఎక్కడ లేదో చెప్పడం తేలిక.
అరవై, మేనేజరు. నేను పెట్టిన మడతలే నాకు తిరిగొస్తాయి.

డ్రిల్లింగ్ బురద మట్టి కాదు.
మట్టయితే నీళ్లకి లొంగుతుంది.
ఇది బూడిద రంగు జిడ్డు, రెండుసార్లు ఉడకేసినా
కుట్లలో దాక్కుని వాసనై బతుకుతుంది.
ఇంటికెళ్లి నా తువ్వాలు మొహానికద్దుకున్నా
ముందు అదే పలకరిస్తుంది.

ఉతికే ముందు జేబులు చూడాలి, అది రూలు.
చెవుల్లో పెట్టుకునే స్పాంజి బిరడాలు, బిస్కెట్ పొడి,
సగం నింపిన గళ్లనుడికట్టు,
‘క్షమించు’ అని రాసి కొట్టేసిన కాగితం.
అది నేను చదవలేదు.
చదివాననే అనుకోండి, ఎవరిదో చెప్పను.

నలభయ్యేడు, లాకీ. లూయిస్ దీవివాడు.
నోట్లో మాట ఉండదు గానీ
జేబులో వడ్రంగి పెన్సిలు ముక్క ఎప్పుడూ ఉంటుంది.
తీసి రేకు డబ్బాలో వేస్తాను,
ఆరిన బట్టలతో మళ్లీ అదే జేబులో పెడతాను.
ఈ సంగతి మేమిద్దరం ఎన్నడూ అనుకోలేదు.

ఫిబ్రవరిలో మంచు కమ్మి హెలికాప్టర్ రాని నాలుగో రోజు.
ఇంట్లో ఉండాల్సినవాళ్లు ఇంకా పైపుల దగ్గరే ఉన్నారు.
తెల్లారగట్ల నలభయ్యేడు సంచి వచ్చింది.
కవరాల్, రెండు సాక్సులు,
ఒక గ్లౌజు. ఎడమది.

కుడిదానికోసం సంచి బోర్లించాను.
డ్రమ్ములో చెయ్యి పెట్టి చుట్టూ తడిమాను.
తడుముతూ తడుముతూ ఆగి
నా చెయ్యి బయటికి తీసి చూసుకున్నాను.

కుడిది దర్యాప్తువాళ్లు దాచారని తర్వాత తెలిసింది.
మంచు కాస్త విచ్చిన సందులో
అతన్ని ఎత్తుకుపోయారట.
స్పీకర్లో మాత్రం మధ్యాహ్నానికి చేపలన్నారు.
కవరాల్ చన్నీళ్లలో నానేశాను.
నెత్తుటికి వేడి పనికిరాదని ఏ ఆడదానికీ ఒకరు చెప్పక్కర్లేదు.

భోజనాల గది బయట ఓ బోర్డు ఉంటుంది,
ప్రమాదం లేని రోజుల లెక్క.
రెండొందల పన్నెండు తుడిచి సున్నా రాశారు.
తుడిచిన గుడ్డ ఉతకడానికి నాకే వచ్చింది.

జూన్‌లో తిరిగొచ్చాడు. ఇప్పుడు స్టోర్‌లో పని.
ఎడమచేత్తో సంచి నా బల్ల మీద పెట్టి
‘నా పెన్సిలు’ అన్నాడు.
డబ్బా మూత తీశాను.
కుడిచేతికి మిగిలిన వేళ్లలో దాన్ని ఇరికించి
గాల్లో ఏదో గీత గీశాడు, వంకరొచ్చింది కాబోలు,
చెవి వెనక దోపుకున్నాడు.

‘మరి గ్లౌజు?’ అన్నాను.
‘ఎవరికో ఎడమది చిరిగుంటుంది, ఇచ్చెయ్.’

డబ్బా పక్కనే పెట్టాను.
ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు.